తడవకూడని కాలు

ఏలూరు డివిజను రెవిన్యూ అధికారి వారి సముఖమునకు,

పరజలంక శివారున, కొల్లేటి లోపల, పాత చేపల చెరువు గట్టు మీద కాపురముంటున్న బొంతా ఇమ్మానుయేలు, తండ్రి కీ.శే. జ్ఞానయ్య, సమర్పించుకొను అర్జీ.

తేది: 28 మే 2007

అయ్యా,

విషయం: నా ఎడమకాలు తడవకుండా నన్ను గట్టు మీదినుండి రోడ్డు మీదికి చేర్పించు నిమిత్తము.

పై విషయము తమరికి విచిత్రముగా తోచవచ్చును. నేను మిషన్ స్కూలులో పదో తరగతి వరకు చదివినవాడను. పరజలంకలో ఎవరికి అర్జీ కావలసివచ్చినా నేనే రాసేవాడిని. రేషన్ కార్డులకు రాశాను, బోరింగులకు రాశాను, ఒకసారి గేదె తప్పిపోయినందుకు కూడా రాసియున్నాను. వాటిలో కొన్ని ఫలించినవి. గేదె మాత్రం దొరకలేదు. నా కోసం నేను రాసుకొనుట ఇదే మొదలు గనుక చేయి కొంచెం తడబడుచున్నది. తమరు ఓపిక చేసుకుని చివరిదాకా చదవగలందులకు ప్రార్థన.

1. నా స్వగ్రామం ఉంగుటూరు. తాడేపల్లిగూడెంలో బెల్లం వ్యాపారం చేసే వీరవెంకటరమణ గారు కొల్లేటిలో చేపల చెరువు కౌలుకు తీసుకున్నప్పుడు, కాపలాకు నన్ను, నా భార్య హన్నమ్మను తీసుకొచ్చి గట్టు మీద పాక వేయించి పెట్టినారు. మాకు పిల్లలు లేరు. కాపలా అంటే కర్ర పట్టుకుని కూర్చోవడం కాదు. బస్తాలకు బెజ్జాలు పెట్టి, తవుడు నింపి, చెరువులో పాతిన గడలకు కట్టాలి. చేపలు వచ్చి ఆ బెజ్జాల్లోంచి తింటాయి. ఖాళీ అయిన బస్తాలు విప్పుకురావాలి. ఇదంతా వట్టికాళ్ళతో మొలలోతు నీళ్ళలో చేసే పని. అలా చేస్తుండగా, 2004లో, ఎడమ అరికాలిలో తుమ్మముల్లు దిగింది. ముల్లు లాగేసి పని చేసుకున్నాను. తరువాత అక్కడ ఒక గడ్డ లేచింది. నొప్పి లేదు. నొప్పి ఉంటే అప్పుడే ఆస్పత్రికి పోయేవాడిని. నొప్పి లేకపోవడమే నా కొంప ముంచింది.

2. ఇందు నా తప్పు కూడా కలదు, దాచను. చెరువుల మీద బతికేవాళ్ళం చేపకు పుండు కనబడితే నీళ్ళలో సున్నం చల్లుతాము, తొట్టిలో పర్మాంగనేటు కలిపి చేపపిల్లల్ని ముంచి తీస్తాము. ఆ ఏడాది మా చెరువులో బొచ్చె చేపలకు పుండ్లు పడ్డాయి. నా గడ్డ కూడా అప్పుడే చితికి రసి కారసాగింది. చేపల జబ్బే నాకు అంటిందనుకున్నాను. అనుకుని, చేపపిల్లల తొట్టిలోనే నా కాలు కూడా ముంచి కూర్చునేవాడిని. చేపలకు తగ్గింది. నాకు పాదమంతా ఊదారంగు తిరిగి, చర్మం కాలి ఊడిపోయి, గడ్డ పక్కన మరో రెండు గడ్డలు లేచాయి. హన్నమ్మ సున్నం కూడా వేద్దామంటే, వేశాము. అయ్యా, ఇది చదివి తమరు నవ్వితే నాకు అభ్యంతరం లేదు. ఇప్పుడు తలచుకుంటే నాకూ నవ్వే వస్తుంది, ఆ వెంటనే ఒళ్ళు మండుతుంది.

3. పుండ్లలోంచి రసితోపాటు గసగసాలంతటి నల్లటి రవ్వలు రాసాగాయి. అవి చూసి వీరవెంకటరమణ గారు భయపడినారు. ఆయన భయం నా కాలు గురించి కాదు. కాపలావాడికి చేపల జబ్బు వచ్చిందని బయటికి పొక్కితే లారీవాళ్ళు ఆ చెరువు చేప ముట్టరు. అందుచేత మోకాళ్ళదాకా వచ్చే రబ్బరు బూట్లు తెచ్చి ఇచ్చి, "ఎవరున్నా సరే ఇవి విప్పకు ఇమ్మానుయేలూ. నీ కాలు నీకు, నాకు తప్ప మూడోవాడికి తెలియకూడదు" అన్నారు. పగలంతా ఆ బూట్లలోనే ఉండేవాడిని. సాయంత్రం విప్పితే లోపల చెమట, రసి, వాసన. ఆ రెండేళ్ళూ నా కాలు వెలుతురు చూసింది తక్కువ. పాదం ఉబ్బి ఉబ్బి చివరికి బూటులో పట్టడం మానేసింది. అప్పుడు గాని నేను దానిని విప్పి పారేయలేదు.

4. గత సంవత్సరం వేసవిలో, సరస్సులోని చెరువుల గట్లు తొలగించుటకు పొక్లెయిన్లు వచ్చిన సంగతి తమరికి విదితమే. సరస్సును సరస్సుగా ఉంచవలెనన్న ఉద్దేశ్యమును నేను తప్పుపట్టడం లేదు. మా యజమాని మాత్రం కాపలావాళ్ళందరినీ గట్ల మీద కూర్చోమన్నారు. మనుషులుంటే మెషీను ఆగుతుందని ఆయన లెక్క. మెషీను దగ్గరికి రాగానే అందరూ లేచి పరుగెత్తారు. నేను లేవలేకపోయాను. మెషీను నడిపే కుర్రవాడు కిందికి దిగి వచ్చి నా కాలు చూసినాడు. చూసి, "మీరు దిగకండి బాబాయ్ గారూ. ఆ కాలుతో బురదలో ఎలా దిగుతారు? మీరున్న ముక్క వదిలేసి అటూ ఇటూ కొట్టేస్తాను" అన్నాడు.

అలాగే చేసినాడు. పాక ఉన్న ముక్క వదిలి, రెండు పక్కలా గట్టును తవ్వి నీళ్ళలో కలిపేసినాడు. నేను అతనికి చేతులెత్తి దండం పెట్టాను. హన్నమ్మ చేపల పులుసు, అన్నం పెట్టింది. మంచి పిల్లవాడు. అతని మీద నాకు ఫిర్యాదు లేదు, అతనిపై ఏ చర్యా తీసుకొనవద్దని ప్రత్యేకముగా కోరుచున్నాను. అతను వెళ్ళిపోయిన తరువాత చుట్టూ చూస్తే నాలుగు వైపులా బురదనీళ్ళే ఉన్నాయి. మా యజమాని తన దోనెను, తవుడు బస్తాలను, తాళాలను ఎప్పుడో తీసుకుపోయినారు. మళ్ళీ రాలేదు.

5. వానలు పడి నీరు నిండాక, పరజలంక వాళ్ళెవరో వాళ్ళ దోనెమీద దాటిస్తే ఏలూరు వెళ్ళి, డాక్టరు జ్ఞానప్రసూనాంబ గారికి కాలు చూపించుకున్నాను. చర్మవ్యాధుల వైద్యురాలు. ఆమె ముక్కు మూసుకోకుండా నా పాదం చేత్తో పట్టుకుని చూసిన మొదటి మనిషి. నల్లరవ్వలు గాజుపలక మీద పెట్టి పరీక్ష చేయించి, ఇలా చెప్పినారు: "ఇది కుష్ఠు కాదు, చేప జబ్బూ కాదండీ. ఇదొక రకం బూజు. మట్టిలో ఉంటుంది. ముల్లుతోపాటు లోపలికెళ్ళి చర్మం కింద పెరిగింది. ఒకరినుంచి ఒకరికి అంటదు. ఎముక దాకా వెళ్ళిందంటే పాదం తీసెయ్యాలి. వెళ్ళకుండా చూద్దాం. ఏడాది పైనే మందు వాడాలి, నెలనెలా నాకు చూపించి రక్తపరీక్ష చేయించుకోవాలి. అన్నిటికన్నా ముందు, ఈ కాలు మళ్ళీ బురదలో పెట్టకూడదు."

అలాగేనండీ అన్నాను. ఇల్లెక్కడ అని అడిగినారు. చెప్పాను. ఆమె కలం కింద పెట్టి, ఇంకెక్కడైనా ఉండలేరా అని అడిగినారు.

6. అప్పట్నుంచి రోడ్డుకు, నాకు మధ్య ఉన్నది బురద.

7. వానాకాలంలో దోనె తేలుతుంది. సంక్రాంతి దాటాక నీరు లాగేస్తుంది. అప్పుడు మోకాటిలోతు బురద, కూల్చిన గట్ల మట్టిగడ్డలు, నత్తగుల్లలు, ముళ్ళకంపలు, వాటి పైన గుర్రపుడెక్క. దోనె తేలదు, మనిషి నడవాలి. నేను నడవకూడదు. వైద్యం కోసం వెళ్ళాలంటే కాలు బురదలో పెట్టాలి, పెడితే పుండ్లలోకి మట్టి పోయి వైద్యం చెడుతుంది, పెట్టకుండా కూర్చుంటే వైద్యమే లేదు. ప్లాస్టిక్ సంచి కట్టుకుని దిగి చూశాను. నడిమధ్యకు రాకముందే గుల్లలకు సంచి చిరిగిపోయింది.

అయినా నేను రోడ్డెక్కిన మాట నిజం. ఎలాగంటే, హన్నమ్మ మోసింది. నా భార్య మనిషి బక్కది. రోడ్డవతల చేపల ప్యాకింగ్ షెడ్డులో ఐసు కొట్టే పని చేస్తుంది. మెషీను వచ్చి వెళ్ళిన వేసవిలో యజమానిని వెతికేందుకు ఒకసారి, ఈ వేసవిలో వైద్యం కోసం కొన్నిసార్లు నన్ను వీపున వేసుకుని బురద దాటించింది. నేను ఆమె మెడ పట్టుకుని, జబ్బు కాలు పైకెత్తి పట్టుకుని ఉండేవాడిని. రోడ్డు మీద పోయే ఆటోవాళ్ళు ఆగి చూసేవారు. ఆమె పట్టించుకునేది కాదు. నాకు మాత్రం సిగ్గుతో చచ్చినంత పనయ్యేది.

8. ఇంకెక్కడైనా ఉండలేరా అన్న డాక్టరు గారి ప్రశ్నకు జవాబు. ఉండి చూశాను. తాడేపల్లిగూడెంలో మా బావమరిది సాల్మన్ ఇల్లున్నది. హన్నమ్మకు స్వంత తమ్ముడు, మంచివాడు. కాలు ఆరేవరకు మా ఇంట్లోనే ఉండండి బావగారూ అన్నాడు. అక్కడ పుండ్లు రెండు ఎండాయి కూడా. ఇంతలో శ్రమల వారం వచ్చింది. మంచి శుక్రవారం ముందు రోజు, యేసుప్రభువు తన శిష్యులకు కడిగినట్టు, వాళ్ళ సంఘంలో పాస్టరు గారు పన్నెండుమంది పాదాలు కడుగుతారు. ఒక మనిషి తక్కువయ్యాడు. ఊరికి కొత్తగా వచ్చిన బంధువు గదా అని సంఘపెద్దలు నన్ను పిలిచారు. నేను వద్దన్నాను. వద్దనడం వినయమనుకుని మరీ పట్టుబట్టారు. సాల్మన్ కూడా కడిగించుకోండి బావగారూ, మంచిది అన్నాడు. నాకూ ఆశ పుట్టింది. ఎన్నాళ్ళనుంచో హన్నమ్మ, డాక్టరమ్మ తప్ప ఎవరూ ముట్టని కాలు.

పాస్టరు గారు కట్టు విప్పి పళ్ళెంలో నీళ్ళు పోసినారు. నీళ్ళలో నల్లరవ్వలు తేలాయి. ఆయన చేతులు ఒక్క క్షణం ఆగినాయి, తరువాత మళ్ళీ కడిగినారు. తువాలుతో తుడిచినారు కూడా. ఆయనను నేను ఏమీ అనను. నా పక్క కుర్చీలో కూర్చున్న ఆయన మాత్రం నెమ్మదిగా తన కాళ్ళు కుర్చీ కిందికి లాక్కున్నాడు. ఆ తరువాత ఎవ్వరూ కడిగించుకోలేదు. పాట పాడి ముగించారు. ఇది అంటదని డాక్టరు గారు చెప్పిన మాట నేను లేచి చెప్పాను. అందరూ తలలూపారు. మర్నాటినుంచి సాల్మన్ ఇంటికి పాలు పోసే మనిషి రావడం మానేసింది. పిల్లల్ని పక్కింటివాళ్ళు ఆటకు రానివ్వలేదు. సాల్మన్ నన్ను పొమ్మనలేదు. పొమ్మనకుండా అతను పడే అవస్థ చూడలేక, ఈస్టరు దాటగానే నేనే వచ్చేశాను. హన్నమ్మ మళ్ళీ మోసుకొచ్చింది. ఇక ఆమె వీపెక్కనని ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాను.

9. గట్లు పోయి బతుకుదెరువు పోయినవారికి ఇళ్ళస్థలాలు ఇస్తారని తెలిసి హన్నమ్మను ఆఫీసుకు పంపినాను. రోడ్డు పక్కన స్థలమొస్తే ఈ అర్జీ అవసరమే ఉండకపోవును. అక్కడి గుమాస్తా గారు కాగితాలు చూసి, "ఆ గట్టు పూర్తిగా తీసేశారమ్మా. లేని గట్టు మీద మనిషెలా ఉంటాడు?" అన్నారట. తనిఖీకి వచ్చినవారు రోడ్డు మీదినుంచే చూసి రాసుకున్నారు. ఆ రోజు నాకు బాగా గుర్తు. నేను పాక ముందు నిలబడి తువాలు ఊపాను. వారు కూడా చెయ్యి ఊపి జీపెక్కి వెళ్ళిపోయినారు.

10. దారికి కాస్త మట్టి వేయించమని అటవీశాఖ సిబ్బందిని కూడా అడగడమైనది. ఇది పక్షుల అభయారణ్యము గనుక మట్టి వేయరాదనియు, రాళ్ళు వేయరాదనియు, బల్లలు పాతరాదనియు సెలవిచ్చినారు. నిబంధన నిబంధనే. గూడబాతులు రోజూ నా గట్టు మీదే కూర్చుని రెక్కలారబెట్టుకుంటాయి. వాటి మీద నాకు కోపం లేదు. వాటికి అభయమిచ్చినవారు పక్కనే ఉన్న నన్ను కూడా ఒకసారి చూస్తారేమోనని మాత్రం ఆశ.

11. ప్రస్తుత పరిస్థితి: మందు అయిపోవచ్చినది. ఎక్స్‌రే తీసి ఎముక చూడకుండా మళ్ళీ మందు రాయనని డాక్టరు గారు హన్నమ్మతో చెప్పి పంపినారు. పాదం బరువెక్కింది. మునుపు లేని నొప్పి ఇప్పుడు వస్తున్నది. నేను పగలంతా పాకలో కూర్చుని అమ్మకానికి వలలు అల్లుతాను. అక్కడినుంచి రోడ్డు కనబడుతుంది. ఏలూరు బస్సు పోవడం, రావడం కనబడుతుంది, హారను కూడా వినబడుతుంది. నలుగురూ అంత దగ్గర్లోనే తిరుగుతుంటే నేనిక్కడ కూర్చుని నా పాదం కుళ్ళిపోవడాన్ని చూస్తున్నాను. అయ్యా, నాకు పిచ్చెక్కేట్టుంది. ఈ మాట అర్జీలో రాయకూడదని తెలుసు. కొట్టివేసి మళ్ళీ రాశాను. ఉంచమని మనవి.

కావున తమరు దయతలచి:

(అ) నేనున్న గట్టు ముక్క ఉన్నదని, దానిమీద నేనున్నానని కాగితం మీద రాయించవలెను;

(ఆ) లేదా, ఈ వేసవి ఉండగానే రోడ్డుదాకా తాత్కాలికముగా తాటిదుంగలైనా పరిపించవలెను;

(ఇ) అదియు వీలుకానిచో, ఆ పొక్లెయిన్‌నే ఒకసారి రప్పించి, దాని తొట్టిలో నన్ను కూర్చోబెట్టి రోడ్డు మీద దింపించవలెను. గట్టు తీసినంతసేపు పట్టదు. ఇది నా మర్యాదకు భంగమని నేను ఏనాడూ అనుకోను;

(ఈ) పిదప నాకు రోడ్డు పక్కన, పొడినేలన, ఒక పాక వేసుకొనుటకు చోటు చూపించవలెను.

తడి తగలని చోట నిలబడి తమరికి నమస్కరించు భాగ్యము ప్రసాదించెదరని నమ్ముచు, నా మనవిని తమరు చిత్తగించవలెను.

ఇట్లు,
తమ విధేయుడు,
బొంతా ఇమ్మానుయేలు

తాజా కలం:

అయ్యా, సంతకం చేశాక రాస్తున్నాను. ఏ అర్జీ రాసినా పైకి చదివి వినిపించడం నా అలవాటు. ఇది కూడా ఇందాక హన్నమ్మకు చదివి వినిపించాను. ఆమె అప్పుడే షెడ్డునుంచి బురద దాటి వచ్చి, గడప దగ్గర కూర్చుని కాళ్ళు కడుక్కుంటున్నది. వింటూ వింటూ తుడుచుకుంటుంటే కుడిపాదం పక్కన చింతగింజంత గడ్డ కనబడింది. చదవడం ఆపేశాను. నేను ఇన్నాళ్ళుగా ఒకే కాలు చూస్తూ కూర్చున్నవాడిని. నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. నొక్కి చూసి నొప్పా అన్నాను. లేదంది. ఎప్పటిదని అడిగితే, మొదటిసారి నన్ను మోసినప్పుడు గుల్ల గుచ్చుకుందిలెండి అంది. నా బరువుతో కలిపి దిగిన గుల్ల.

నా కాలు గురించి డాక్టరు గారు అన్న మరో మాట పైన రాయలేదు, అవసరం లేదనుకున్నాను. "చింతగింజంత ఉన్నప్పుడు వచ్చుంటే ఒక్క కోతతో తీసేసి ఇంటికి పంపేదాన్ని" అన్నారు.

ఆమెది కూడా అర్జీలో రాస్తానంటే ఒప్పుకోవడం లేదు. "నాది రాయకండి. ఇద్దరి పేర్లుంటే ఎవర్ని ముందు తీసుకెళ్ళాలో తేలక ఇద్దర్నీ వదిలేస్తారు. అయినా నేనెళ్ళి ఆస్పత్రిలో పడుకుంటే మీకు అన్నం ఎవరు తెస్తారండీ?" అంటున్నది. ఆ మొదటి మాట నిజమే. ఇన్ని అర్జీలు రాసిన నాకన్నా ఆమెకే ఆఫీసుల సంగతి బాగా తెలుసు.

అందుచేత ఒక్క పేరే ఉండనివ్వండి. పైన నా పేరు కొట్టివేసి హన్నమ్మ అని రాసుకోండి. (అ) నుంచి (ఈ) దాకా నేను కోరినవి రద్దు చేసుకుంటున్నాను. ఒక్కటే అడుగుతున్నాను. ఆమెను డాక్టరు జ్ఞానప్రసూనాంబ గారి దగ్గరికి పంపించండి. ఆ కోత మానేదాకా అక్కడే ఉంచండి. నేను గుర్తొచ్చి వెళతానని గొడవపెడుతుంది, వినకండి. ఈ బురదలోకి తిరిగి పంపకండి. ఇక్కడ నాకు బియ్యం ఉంది, వల ఉంది, చుట్టూ చేపలున్నాయి. వానలు పడితే దోనెలు తిరుగుతాయి. అప్పటికి నా పాదం ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. ఆమె కాలు కూడా ఇలా అయితే మాత్రం నేను బతకలేనండీ.

ఇదంతా రాస్తున్నానని ఆమెకు తెలుసు. కాసేపు కోప్పడింది. తరువాత, "రాసుకోండి. ఆఫీసరు గారు అంతదాకా చదువుతారా ఏంటి" అంది. తీసుకెళ్ళి ఇవ్వడానికి ఒప్పుకున్నదీ ఆ ధైర్యంతోనే.

తమరు ఇంతదాకా చదివి ఉంటే, ఈ కాగితం ఇచ్చి తమ బల్ల ముందు నిలబడినది ఆమే. తెల్లవారగానే బురద దాటి బస్సెక్కి వచ్చి ఉంటుంది. ఆఫీసుల్లో ఎవరైనా చెబితే తప్ప కూర్చోదు. ముందు కూర్చోమనండి.